లెక్కకు రాని ఉడుత

2014 ఆగస్టులో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో పోకెమాన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీలు జరిగాయి. పెద్దల విభాగంలో తుది పోరుకు చేరిన ఇద్దరిలో ఒకరు దక్షిణ కొరియాకు చెందిన సే జున్ పార్క్. అతని జట్టులో ఆరు జీవులున్నాయి. గార్చాంప్, గ్యారడోస్, టాలన్‌ఫ్లేమ్, గార్డెవాయర్, గోథిటెల్ అనే ఐదింటిని చూసి ఎవరూ వింతపడలేదు. ఆరవదానిని చూసి మాత్రం ఆ ఆట తెలిసిన వారంతా నివ్వెరపోయారు. దాని పేరు పాచిరిసు. తెల్లని ఒంటిపై నీలి చార, పసుపు బుగ్గలు గల చిన్న ఉడుత. చూడముచ్చటైన బొమ్మగా దానిని ఇష్టపడినవారు ఉన్నారేమో గాని, ప్రపంచ పోటీకి తీసుకుపోదగిన యోధగా ఎవరూ ఎంచలేదు. ఆ ఉడుతతోనే సే జున్ ప్రపంచ విజేత అయ్యాడు.

ఈ సంగతి నేటికీ ఆ ఆట ఆడే పిల్లలు కథలుకథలుగా చెప్పుకుంటారు. కాని చాలామంది దానిని అదృష్టంగానో, అద్భుతంగానో చెబుతారు. నిజానికి అది రెండూ కాదు. చక్కగా లెక్క కట్టి చేసిన ఎంపిక అది. ఆ లెక్క ఏమిటో తెలిస్తే, ‘పనికిరానిది’ అని పక్కన పడేసిన జీవులలో పనికివచ్చేదానిని ఏరుకోవడం ఎలాగో మన పిల్లలకు కూడా తెలుస్తుంది.

ఆట తెలియని తల్లిదండ్రుల కోసం ముందుగా నాలుగు మాటలు. జపానుకు చెందిన సతోషి తజిరి చిన్ననాడు పొలాల వెంట, చెరువుగట్ల వెంట తిరిగి పురుగులను పట్టి పోగుచేసేవాడు. ఆ సరదాయే పెద్దయ్యాక అతని చేత ఈ ఆటను చేయించింది. 1996లో నింటెండో వారి గేమ్ బాయ్ కోసం అది వెలువడింది. నాడు అందులో 151 జీవులుండేవి, నేడు వేయికి పైబడినవి. ఆటగాడు వాటిని పట్టి, పెంచి, జట్టుగా కూర్చి, ఎదుటివాని జట్టుతో తలపడతాడు. ప్రతి జీవికి నీరు, నిప్పు, విద్యుత్తు వంటి 18 రకాలలో ఒకటో రెండో ఉంటాయి. నీరు నిప్పును అణచివేస్తుంది, విద్యుత్తు నీటిని దెబ్బతీస్తుంది, నేల విద్యుత్తును మింగేస్తుంది. ఒక్కో జీవి నాలుగు విద్యలు మాత్రమే వెంట ఉంచుకోగలదు. ఇవిగాక పుట్టుకతో వచ్చిన సహజ గుణం ఒకటి, చేతపట్టుకునే వస్తువు ఒకటి.

మన ఇళ్ళలో కొందరికి ఈ పేరు వేరొక విధంగా పరిచయం. 2001లో సౌదీ అరేబియాలో పండితులు దీనిని నిషేధిస్తూ ఫత్వా ఇచ్చారు. ఈ పేరుతో వచ్చిన కార్డుల ఆట జూదాన్ని పోలి ఉన్నదన్నది వారు చూపిన కారణాలలో ఒకటి. డబ్బు పెట్టి, ఏమి వస్తుందో తెలియని పొట్లాలు తెరిచే పద్ధతి నేటి మొబైల్ ఆటలలో కూడా ఉన్నది గనుక ఆ విషయంలో ఇంటి పెద్దలు కన్ను వేసి ఉంచడం తప్పనిసరి. పిల్లవాడు ఏ ఆట ఆడాలి, ఎంతసేపు ఆడాలి అనేది ఆ ఇంటి నిర్ణయం. ఇక్కడ చెప్పుకుంటున్నది జట్టు కూర్పు గురించి మాత్రమే.

ప్రతి జీవికి ఆరు అంకెలు ఉంటాయి: ప్రాణబలం, దాడి, రక్షణ, ప్రత్యేక దాడి, ప్రత్యేక రక్షణ, వేగం. ఈ ఆరింటిని కూడితే వచ్చే మొత్తాన్నే పిల్లలు మొదట చూస్తారు. పరీక్ష మార్కులు చూసినట్లుగా చూస్తారు. పాచిరిసు మొత్తం 405. అదే జట్టులోని గార్చాంప్ మొత్తం 600. ఈ లెక్కన ఉడుతకు అక్కడ చోటే లేదు. దాని దాడి అంకె 45, ప్రత్యేక దాడి కూడా 45. అది కొడితే ఎదుటివానికి దురద పుట్టినంత కూడా ఉండదు.

మరి సే జున్ ఏమి చూశాడు? తన జట్టులోని లోటును చూశాడు. గ్యారడోస్ నీరు, గాలి రెండు రకాలకూ చెందినది. విద్యుత్తు నీటినీ దెబ్బతీస్తుంది, గాలినీ దెబ్బతీస్తుంది. అందువల్ల ఒక్క మెరుపు దానిపై నాలుగింతలై పడుతుంది. టాలన్‌ఫ్లేమ్ కూడా గాలి రకమే, దానికీ మెరుపంటే భయమే. ప్రపంచ పోటీలలో ఇరువైపులా ఇద్దరేసి జీవులు ఒకేసారి బరిలో నిలుస్తాయి. కాబట్టి గ్యారడోస్ పక్కన నిలబడి, దానిపైకి వచ్చే మెరుపును తనమీదకు లాక్కునే తోడు ఒకటి కావాలి. ‘ఫాలో మీ’ అనే విద్య సరిగ్గా ఆ పనికే పుట్టింది. దానిని ప్రయోగించిన జీవి, ఆ వంతులో తన జోడీపైకి గురిపెట్టిన దెబ్బలన్నిటినీ తనవైపు తిప్పుకుంటుంది. పాచిరిసుకు ఈ విద్య అబ్బుతుంది. అంతటితో ఆగలేదు. దాని సహజ గుణాలలో ‘వోల్ట్ అబ్‌సార్బ్’ ఒకటి. మెరుపు తగిలితే గాయపడటానికి బదులు దాని ప్రాణబలం నాలుగవ వంతు పెరుగుతుంది! గ్యారడోస్‌ను చంపడానికి ఎదుటివాడు విసిరిన మెరుపు ఉడుతకు మందుగా మారుతుంది.

విద్యుత్తు దెబ్బలు కాకుండా వేరేవి వస్తే? వాటిని ఓర్చుకునేందుకు వీలుగా సే జున్ దానిని పెంచాడు. దాడి కోసం ఒక్క పాలు కూడా వెచ్చించలేదు, ఎందుకంటే దాని దాడి పెంచినా పెరిగేది లేదు. దానికి బదులు ‘సూపర్ ఫ్యాంగ్’ అనే విద్య ఇచ్చాడు. ఇది కొట్టేవాని బలాన్ని పట్టించుకోదు. ఎదుటివానికి ఎంత ప్రాణబలం మిగిలి ఉంటే అందులో సగం తీసేస్తుంది. మూడవది ‘నజల్’. బుగ్గ రాసి తిమ్మిరి పట్టించే విద్య. ఎదుటి జీవి వేగం పడిపోతుంది. నాలుగవది ఆత్మరక్షణకు ‘ప్రొటెక్ట్’. చేతిలో సగం ప్రాణం పోయాక కొంత కోలుకోవడానికి ఒక పండు. ఈ నాలుగు విద్యలలో ఒక్కదానికి కూడా పెద్ద దాడి అంకె అవసరం లేదని గమనించండి. 45 అనే అంకె ఉన్నా లేకున్నా ఒకటే అయ్యేలా ఆ జీవిని కూర్చాడు. పాచిరిసును ఎంచుకోవడం కంటే, దాని బలహీనతకు పని లేకుండా చేయడమే నా దృష్టిలో సే జున్ చూపిన అసలైన తెలివి.

దీనికి కూడా హద్దు ఉన్నది. భూకంపం వంటి దెబ్బ ఇరువురినీ ఒకేసారి తాకుతుంది గనుక ‘ఫాలో మీ’ దానిని ఆపలేదు. పైగా నేల రకపు దెబ్బ ఉడుతకు రెట్టింపు తగులుతుంది. గ్యారడోస్‌కు మాత్రం ఆ దెబ్బ అసలు తగలదు, గాలిలో ఉంటుంది కాబట్టి. ఒకరిని ముంచేది ఇంకొకరిని తాకదు. జోడీ అంటే అది. ఆ గ్యారడోస్‌ను తీసేసి, పాచిరిసును ఒంటరిగా వేరొక జట్టులో నిలబెడితే అది మళ్ళీ మామూలు ఉడుతే. ఆ విజయాన్ని చూసి ఉడుతను మాత్రమే నకలు చేసినవారికి అందులో సగమే దక్కింది.

మొత్తం అంకె ఎంత మోసకారియో తెలియాలంటే స్లేకింగ్‌ను చూడాలి. గొరిల్లా వంటి దేహం, మొత్తం 670. ఆటలోని మహాబలులతో సరితూగే అంకె. దాడి 160, ప్రాణబలం 150. అయినా పోటీలలో దానిని నమ్ముకునేవారు అరుదు. కారణం దాని సహజ గుణం: ఒక వంతులో కొడితే మరుసటి వంతులో పడుకుంటుంది. సగం పని దినాలు సెలవు పెట్టే పహిల్వాను ఎంత బలవంతుడైతే నేమి? మరోవైపు క్వాగ్‌సైర్. నీలిరంగు ఒంటితో, నోరు తెరుచుకుని, ఏమీ ఎరుగని అమాయకునిలా నిలబడుతుంది. మొత్తం 430. కాని దానికి ‘అన్అవేర్’ అనే గుణం లభిస్తుంది. ఎదుటి జీవి కత్తుల నాట్యమాడి తన దాడిని రెట్టింపు చేసుకున్నా, ఆ పెంపు క్వాగ్‌సైర్ ముందు లెక్కకు రాదు. రెండు మూడు వంతులు శ్రమపడి బలం కూడగట్టుకున్న డ్రాగన్, ఈ అమాయకుని ఎదుట మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉండిపోతుంది. దాని బలహీనత కూడా గడ్డి రకం ఒక్కటే. బలం పెంచుకుని గెలిచే జట్లు ఎక్కువైన కాలంలో దీని విలువ పెరుగుతుంది, అవి తగ్గితే తగ్గుతుంది. జీవి మారలేదు, ఎదుటివారు మారారు.

అందుకే వాడుకను బట్టి చేసే వర్గీకరణను జాగ్రత్తగా చదవాలి. స్మోగన్ అనే ఆటగాళ్ళ సమాజం జీవులను తరగతులుగా విభజిస్తుంది. పిల్లలు ఆ పట్టికలను చూసి ‘ఇది కింది తరగతి, చెత్తది’ అని తీర్మానిస్తారు. కాని ఆ తరగతులకు ముఖ్యమైన ఆధారం ఎంతమంది వాడుతున్నారన్నదే. పది మంది చేసే పని ఒక జీవి మరొకదాని కంటే కొంచెం తక్కువగా చేస్తే, జనం మొదటిదాన్నే పట్టుకుంటారు, రెండవది కిందికి జారుతుంది. మీ జట్టులో ఆ మొదటిదానికి చోటు కుదరనప్పుడు ఆ రెండవదే దిక్కు. పట్టికలు తిరగబడటం కూడా కద్దు. 2016లో వచ్చిన ఇన్‌సినెరోర్ అనే పులిని మొదట పోటీలలో పెద్దగా పట్టించుకున్నవారు లేరు. వేగం 60 మాత్రమే. తరువాత దానికి ‘ఇంటిమిడేట్’ అనే గుణం అందుబాటులోకి వచ్చింది. బరిలోకి దిగగానే ఎదుటివారి దాడి తగ్గించే గుణమది. ఆపై ప్రపంచ పోటీలలో అది లేని జట్టును వెదుక్కోవలసి వచ్చింది.

ఇక ఎదగని వాటి సంగతి. ఈ ఆటలో చాలా జీవులు ఒక స్థాయికి రాగానే రూపాంతరం చెంది పెద్దవవుతాయి. ఎదగని రూపాన్ని ఉంచుకోవడం వెర్రితనమని అందరి నమ్మకం. 2010లో వచ్చిన ‘ఇవియోలైట్’ అనే రాయి ఆ నమ్మకాన్ని తలకిందులు చేసింది. ఇంకా ఎదగవలసి ఉన్న జీవి దానిని పట్టుకుంటే రెండు రక్షణలూ ఒకటిన్నర రెట్లు అవుతాయి. చాన్సీ అనే గులాబీ రంగు జీవి రూపాంతరం చెందితే బ్లిస్సీ అవుతుంది. అన్ని అంకెలలో బ్లిస్సీయే మెరుగు. కాని రాయి చేతపట్టిన చాన్సీని పడగొట్టడం బ్లిస్సీని పడగొట్టడం కంటే కష్టం. అయితే అందులో ఒక బేరం దాగి ఉంది. రాయి పట్టుకున్న చేతిలో మరేమీ పట్టడానికి వీలుండదు. ‘నాక్ ఆఫ్’ అనే దెబ్బతో ఎదుటివాడు ఆ రాయిని రాలగొడితే చాన్సీ మళ్ళీ చిన్నదైపోతుంది.

నెమ్మది కూడా ఒక ఆస్తి కాగలదు. టోర్కోల్ అనే బొగ్గు తాబేలు వేగం 20. మామూలుగా అది కదిలేలోపు యుద్ధమే ముగిసిపోతుంది. ‘ట్రిక్ రూమ్’ అనే విద్యను ఎవరైనా ప్రయోగిస్తే ఐదు వంతుల పాటు క్రమం తిరగబడుతుంది: నెమ్మదైనది ముందు కొడుతుంది. 2016లో ఈ తాబేలుకు ఎండను రప్పించే గుణం కూడా ఇచ్చారు. ఎండలో నిప్పు దెబ్బ బలం పుంజుకుంటుంది. ‘ఇరప్షన్’ అనే దాని పెద్ద విద్య, తన ప్రాణబలం నిండుగా ఉన్నప్పుడే పూర్తి బలంతో పేలుతుంది. అంటే దెబ్బ తినకముందే కొట్టాలి. అందరికంటే నెమ్మదైన జీవికి అందరికంటే ముందు కొట్టవలసిన అవసరం! ట్రిక్ రూమ్ వేసే తోడు ఒకటి ఉంటే ఆ అవసరం తీరుతుంది, లేకుంటే తాబేలును ఇంటి దగ్గర వదిలిరావడమే మేలు.

షెడింజా గురించి ఒక్క మాట. దాని ప్రాణబలం ఎప్పటికీ 1. కాని 18 రకాలలో ఐదు రకాల దెబ్బలు మాత్రమే దానిని తాకుతాయి. చూడటానికి సరదాగా ఉంటుంది. ఇసుకతుఫాను వీచినా, విషం సోకినా రాలిపోతుంది గనుక నేనైతే చిన్న పిల్లలకు దానిని సిఫారసు చేయను.

మా మేనల్లుడు ఒకసారి అడిగాడు: ‘‘మామూ, నాకిష్టమైనదాన్ని పెట్టుకోనా, గెలిపించేదాన్ని పెట్టుకోనా?’’ ఈ ప్రశ్నలో ఇష్టమైనది గెలిపించదనే ఒప్పుకోలు ముందే ఉంది. వాడికి చెప్పింది ఇదే: ఇష్టమైనదాన్ని ముందు బల్లమీద పెట్టు. అది ఏ దెబ్బకు పడిపోతుందో రాయి. దాని నాలుగు విద్యలలో ఇతరులకు లేనిది ఏదైనా ఉందేమో చూడు. ఉంటే దాని చుట్టూ మిగతా ఐదింటిని కూర్చు. లేకుంటే కథలో ఆడుకోవడానికి ఉంచుకో, పోటీకి తీసుకుపోకు. వాడు ఆ సాయంత్రమంతా కాగితం మీద గీతలు గీశాడు. ఆట ఆడకుండానే ఆటలో గడిపిన ఆ రెండు గంటలే మా అక్కయ్యకు నచ్చాయి.

కథలో ఆడే చిన్నవారికి ఈ విషయం ఇంకా తేలికగా బోధపడుతుంది. ‘ఎల్లో’ అనే భాగంలో ఆటగాని చేతికి మొదట వచ్చేది పికాచు. ప్రపంచమంతా ఎరిగిన, అందరికీ ముద్దొచ్చే జీవి. మొదటి పరీక్ష పెట్టే బ్రాక్ దగ్గర ఉన్నవి రాయి, నేల రకాల జీవులు. నేల మెరుపును మింగేస్తుంది కాబట్టి పికాచు మెరుపులన్నీ అక్కడ వృథా. గెలవడానికి అడవిలో దొరికే గొంగళిపురుగును పట్టి పెంచడం ఒక దారి. అది 7వ స్థాయిలో గూడు కట్టి, 10వ స్థాయిలో సీతాకోకచిలుక అవుతుంది, మనోబలంతో కొట్టే విద్య నేర్చుకుంటుంది. బ్రాక్ రాళ్ళు ఆ దెబ్బకు తట్టుకోలేవు. చేప విషయం అందరికీ తెలిసిందే: మ్యాజికార్ప్ మొత్తం 200, ఎగిరిపడటం తప్ప చేతనైనది దాదాపు లేదు. దానిని ఓపికగా 20వ స్థాయి వరకు మోస్తే అయ్యేది గ్యారడోసే, సే జున్ జట్టులోని ఆ గ్యారడోసే.

అయితే ఎవరూ వాడనివన్నీ మరుగున పడిన మాణిక్యాలు కావు. ఇది పిల్లలకు నిర్మొహమాటంగా చెప్పాలి. అనోన్ అనే అక్షరాల జీవికి వచ్చిన విద్య ఒకే ఒకటి. లవ్‌డిస్క్ అనే గుండె ఆకారపు చేపకు వేగం తప్ప ఏమీ లేదు, అది చేసే పనిని మెరుగ్గా చేసేవి పదుల సంఖ్యలో ఉన్నాయి. ఎదుటివాడు ఎరుగనిది కావడం కొంత లాభమే. అది ఏ విద్య వేస్తుందో, ఎంత దెబ్బ ఓర్చుకుంటుందో అతనికి తెలియదు. కాని పెద్ద పోటీలలో మూడింట రెండు ఆటలు గెలవాలి. మొదటి ఆటలో కలిగిన ఆశ్చర్యం రెండవ ఆటకు ఉండదు. ఆశ్చర్యం తీరిపోయాక కూడా చేయడానికి పని మిగిలి ఉన్న జీవినే ఎంచుకోవాలి. అలాంటివి కూడా జట్టులో ఒకటి, మహా అయితే రెండు చాలు. సే జున్ ఆరింట ఒక్కదానికే ఆ చోటిచ్చాడు. మిగతా ఐదు గట్టివి కాబట్టే ఉడుతకు తన పని తాను చేసుకునే తీరిక దొరికింది. ఆరింటినీ అరుదైనవిగా పేర్చేవారు సాధారణంగా ఆటను గెలవడానికి కాక, తాము అందరిలాంటివారం కామని చూపుకోవడానికి ఆడుతుంటారు.

మీ ఇంట్లో ఆడే పిల్లలుంటే ఒక పని చేయించండి. కొత్తగా ఎంచుకున్న జీవితో ఇరవై ఆటలు ఆడనివ్వండి. ప్రతి ఆట తరువాత నోటుపుస్తకంలో ఒక్క వాక్యం రాయమనండి: గెలిచామా ఓడామా అని కాదు, ఈ ఆటలో అది ఏమి చేసింది అని. ‘గ్యారడోస్ మీదికి వచ్చిన మెరుపును లాక్కుంది’, ‘ఎదుటివాని వేగం తగ్గించింది’, ‘ఏమీ చేయకుండా పడిపోయింది’. ఇరవై వాక్యాలలో చివరి రకానివి పది దాటితే ఆ చోటుకు వేరొకదానిని వెదకాలి. దాటకపోతే, పట్టికలో దాని తరగతి ఏదైనా సరే, ఉంచుకోవచ్చు.